సీరియల్‌కి మాటలు, సొంతానికి నవల: రెండూ ఒకే చేయి రాయగలదా?

ఉద్యోగం మానేసి నవల మీదే కూర్చోవాలని ఉందన్నావు. ఇంతలో ఒక డైలీ సీరియల్‌కి మాటలు రాయమని పిలుపొచ్చిందన్నావు. "ఎలాగూ రాయడమే కదా అక్కా, అది చేస్తూ ఇదీ చేసుకోవచ్చా? అసలు కథలు రాసేవాళ్ల రోజు ఎలా గడుస్తుంది?" అని అడిగావు. కొండాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇరవై తొమ్మిదేళ్లు, అచ్చయిన కథలు ఆరు, సగంలో ఆగిన నవల ఒకటి. అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. ఉద్యోగం మానకు. సీరియల్ రాయాలని ఉంటే రాయి, కానీ నవల పూర్తయ్యాక. రెండూ కలిపి మాత్రం పెట్టుకోకు. ఎందుకో తెలియాలంటే నా సంగతి కొంత చెప్పాలి.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బోల్టులు, బేరింగులు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణంలో 1989 నుంచి లెక్కలు రాశాను. పొద్దున పదిన్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా బిల్లులు, స్టాకు రిజిస్టరు, బ్యాంకు చలాన్లు. ఆ పని చేస్తూనే రెండు కథల పుస్తకాలు, ఒక నవల అయ్యాయి. 2003లో ఒక సీరియల్‌కి మాటలు రాయమన్నారు. ఎపిసోడ్‌కి ఇంత అని ఇస్తారు. నెలకి ఇరవై ఎపిసోడ్లు లెక్కేసుకుంటే దుకాణం జీతానికి దాదాపు మూడింతలు. నీకొచ్చిన ఆలోచనే నాకూ వచ్చింది. తొమ్మిది గంటలు అంకెలకి పోసే బదులు మాటలతోనే బతకొచ్చు కదా అనుకున్నాను. మానేశాను. రెండేళ్లు రాశాను. ఆ రెండేళ్లలో నాకోసం రాసుకున్నది ఒక్క కథ. అదీ ఇప్పుడు చదివితే సీరియల్లో సీనులాగే ఉంటుంది.

సీరియల్ పని తక్కువదని నేను అనను. చాలా కష్టమైన పని, నేర్పు ఉంటే తప్ప చేయలేరు. అక్కడ కథ ఒకరిది, స్క్రీన్‌ప్లే ఒకరిది, మాటలు ఒకరివి. నీ చేతికొచ్చే సీను "వంటగదిలో అత్తా కోడలూ. నగ పోయిన సంగతి అత్తకి తెలిసిపోతుంది" అన్నంతే ఉంటుంది. దాన్ని నువ్వు మూడు పేజీల మాటలు చేయాలి. అరగంటలో ప్రకటనలు పోగా ఇరవై రెండు నిమిషాల దాకా బొమ్మ నడవాలి. ముందుగా తీసిపెట్టుకున్న ఎపిసోడ్లని బ్యాంకు అంటారు. బ్యాంకు తగ్గిందంటే రాత్రి పదకొండింటికి ఫోనొస్తుంది, తెల్లారి ఏడింటికల్లా సెట్లో సీను పేపరు ఉండాలి. నటుల్లో కొందరు కర్ణాటక నుంచి వచ్చినవాళ్లు. కెమెరా పక్కన నిలబడి అసిస్టెంటు మాటలు అందిస్తుంటే వాళ్లు పలుకుతారు. దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. కాబట్టి వాక్యం ఎక్కడ విరిచినా ప్రతి ముక్కా తనంతట తాను నిలబడాలి. "నిన్న పొద్దున నాకు చెప్పకుండా నువ్వెక్కడికి వెళ్లొచ్చావో నాకు తెలీదనుకోకు" అని రాస్తే సెట్లో నడవదు. "నాకు తెలుసు. నిన్న పొద్దున. ఎక్కడికెళ్లావో." ఇలా రాయాలి. పైగా మనసులో ఉన్నదంతా పాత్ర పైకి చెప్పేయాలి. చూసేవాళ్లు కుక్కరు దగ్గర నిలబడి వింటుంటారు, తెర వైపు తల తిప్పకపోయినా కథ అందాలి మరి.

ఆ మాధ్యమానికి ఈ నియమాలన్నీ అవసరమే. కానీ రోజుకి పది పన్నెండు పేజీలు అలా రాసిన చేయి, తెల్లారి సొంత నవల ముందు కూర్చున్నా అదే పని చేస్తుంది. నా నవలలో ఒక తల్లి ఉండేది. కొడుకు మీద కోపమొస్తే ఏమీ అనదు, చాట తెచ్చుకుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ కూర్చుంటుంది. సీరియల్ రాస్తున్న రోజుల్లో ఆవిడ నోరు విప్పింది. "నా కడుపుకోత నీకేం తెలుసురా" అంది. రాసి, చదువుకుని, ఆ పేజీ చింపేశాను. మర్నాడూ అదే వచ్చింది. ఆవిడ మౌనం ఎలా రాసేదాన్నో గుర్తు రాలేదు నాకు. నెలల తరబడి రాలేదు. ఆ నవల పక్కన పెట్టాను. తిరిగి అందుకోవడానికి నాలుగేళ్లు పట్టింది.

డబ్బింగ్ మాటలు కూడా కొన్నాళ్లు రాశాను. దాని తీరు వేరు. తెర మీద పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడాలి, నోరు తెరిచిన చోట అచ్చు పలకాలి, మాట పొడవు సరిపోవాలి, ఆ తర్వాతే అర్థం. గళ్లనుడికట్టు పూరించినట్టు ఉంటుంది. అది నా కథల జోలికి అంతగా రాలేదు. ఎప్పుడైనా డబ్బుకి ఇబ్బందై మాటల పనే చేయాల్సి వస్తే సీరియల్ కంటే డబ్బింగే నయమంటాను.

2005లో మళ్లీ ఆ దుకాణం యజమాని శేఠ్ దగ్గరికి వెళ్లాను. ఆయన పాత కుర్చీ చూపించి కూర్చోమన్నారు, అంతే. నెల తిరక్కుండానే తేడా తెలిసింది. సాయంత్రానికి కళ్లు మండేవి, నడుం పట్టేసేది, మాటలు మాత్రం ఎక్కడివక్కడ పదిలంగా ఉండేవి. కూడికలు, తీసివేతలు వాటిని ముట్టుకోవు. ఇంకో లాభం కూడా ఉంది, అది ఉద్యోగం చేస్తున్నన్నాళ్లూ నాకు తెలియలేదు. ఆ దుకాణంలో లారీ దింపే హమాలీలు పాలమూరు వాళ్లు, ఆటో ట్రాలీ డ్రైవర్లు సిద్దిపేట, కరీంనగర్ వైపు వాళ్లు, గుమాస్తా గుంటూరాయన, శేఠ్ ఇంట్లో మార్వాడీ, కొట్లో ఉర్దూ, నాతో తెలుగు. పొద్దంతా ఆ గొంతులు చెవిన పడేవి. కరీంనగర్ డ్రైవరు "అచ్చిండు, అత్తడు" అనేవాడు, వరంగల్ నుంచి సరుకు కొనడానికి వచ్చే మనిషి "పోతాన, వస్తాన" అనేవాడు, మా నల్గొండలో "పోతున్న" అంటాం. తెలంగాణ యాస అని మనం ఒక్క ముద్ద కట్టేసేది నిజానికి ఎన్ని రకాలో ఆ కౌంటరు వెనక కూర్చునే తెలుసుకున్నాను. నీ ఆఫీసులోనూ ఇదంతా ఉంటుంది. సెక్యూరిటీ ఆయన ఏ ఊరివాడు, ఫలహారశాలలో అట్లు వేసే ఆవిడ ఏ జిల్లా, క్యాబ్ డ్రైవరు ఇంటికి ఫోన్ చేస్తే గొంతు ఎలా మారుతుంది, ఇవి వినడం మొదలుపెట్టు.

ఇక రోజు సంగతి. మేముండేది విద్యానగర్‌లో. నాలుగూ ముప్పావుకి లేస్తాను. నల్లా నీళ్లు వచ్చే రోజైతే ముందు మోటరు పని చూసుకుంటాను, లేకపోతే నేరుగా బల్ల దగ్గరికే. నిన్న రాసింది పైకి చదువుతాను, గొంతెత్తి. కంటితో చదివితే బాగున్న వాక్యం నోట్లో తట్టుకుంటుంది, అక్కడ పెన్సిలుతో గీత పెడతాను. ఇదొక్కదానికే ముప్పావుగంట పోతుంది. ఆ తర్వాత కొత్తది, లాంగ్ నోట్‌బుక్కులో చేత్తోనే. ఏడున్నరకి లేచేసరికి ఐదు వందల మాటలొస్తే మంచి రోజు. అందులో సగం మర్నాడు కొట్టేస్తాను. ఒక్క పేరా కూడా రాని రోజులు నెలకి ఐదారు ఉంటాయి. ఆ రోజూ లేవను, ఏడున్నర దాకా కూర్చునే ఉంటాను. ఉద్యోగం చేసిన రోజుల్లోనూ ఇదే వేళ, ఇప్పుడూ ఇదే వేళ. రిటైరయ్యాక పొద్దంతా రాద్దామని చూశాను. పదకొండింటికి కూర్చుంటే వచ్చే వాక్యంలో బిగువు లేదు. నీకు పొద్దంతా ఖాళీ దొరికితే పొద్దంతా రాస్తానని అనుకుంటున్నావు. రోజుకి రెండున్నర గంటలకి మించి కొత్తది రాయగలిగే కథకులు నాకు తెలిసినవాళ్లలో ఇద్దరే ఉన్నారు.

మిగతా పొద్దంతా చుట్టూ ఉండే పనులే. చేత్తో రాసింది టైపు చేయాలి. ఫోన్‌కి చెబితే అదే టైపు చేస్తుంది కానీ యాస మాట చెబితే పుస్తకాల తెలుగులోకి మార్చేస్తుంది, సంధి కలిపిన చోట విడగొడుతుంది. అందుకని సంభాషణలు నేనే కొడతాను. ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా కనిపించే యూనికోడ్‌లో రాసినా పుస్తకానికి పేజీలు పెట్టేవాళ్లలో కొందరు ఇంకా పాత పద్ధతి అను ఫాంట్లలోనే పనిచేస్తున్నారు. అటూ ఇటూ మార్చినప్పుడల్లా వత్తులు చోటు మారతాయి, "బస్‌లో" అన్నది "బస్లో" అయిపోతుంది. ప్రూఫు అచ్చుతప్పుల కోసమే చూస్తారని అనుకోకు. నా కథ ఒకటి ఒక పత్రికలో వచ్చినప్పుడు, అక్కడెవరో శ్రద్ధగా యాస మొత్తం "సరిదిద్దారు". "అచ్చిండు" అన్న ప్రతిచోటా "వచ్చాడు". సిరిసిల్ల నేతకార్మికుడు కథంతా రేడియో వార్తలు చదివినట్టు మాట్లాడాడు. ఆ ఆదివారం ఆ పేజీ చూసి ఏడ్చాను. అప్పట్నుంచి కథ పంపేటప్పుడు పైన ఒక వాక్యం రాస్తాను: సంభాషణల్లోని రూపాలు ఉద్దేశించి రాసినవి, మార్చవద్దు. నువ్వూ రాయి. చాలామంది సంపాదకులు గౌరవిస్తారు.

సమాచారం వెతకడం కూడా రోజులో భాగమే, నాకు చాలా ఇష్టమైన భాగం. 1988లో నడిచే కథలో ఒకసారి హుసేన్‌సాగర్ మధ్యలో బుద్ధుణ్ణి నిలబెట్టాను. రాంనగర్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "అమ్మా, ఆ విగ్రహం 1990 మార్చిలో తెస్తుండగా నీళ్లలో పడింది, మనుషులు కూడా పోయారు, 1992 డిసెంబరులో గానీ నిలబడలేదు" అన్నారు. ఆయన తమ్ముడు ఆరోజు టాంక్‌బండ్ మీదే ఉన్నాడట. ఊరివాళ్లకి అది తారీఖు కాదు, జ్ఞాపకం. అప్పట్నుంచి పాతకాలం కథైతే కుదిరినన్ని చోట్ల చూసుకుంటాను. అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి అసఫియా లైబ్రరీ ఉంది, ఇప్పుడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. సుల్తాన్‌బజార్‌లో 1901లో పెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. ఆదివారం పొద్దున ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పాత వారపత్రికలు కనిపిస్తే కథలకంటే ముందు ప్రకటనలు చూస్తాను. ఆ ఏడు చీర ఎంత, స్టవ్ ఎంత, ఫోటోలో ఆడవాళ్లు జడ ఎలా వేసుకున్నారు, అన్నీ అందులో దొరుకుతాయి. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో మాత్రం రాసుకుందామని వెళ్లకు, గ్రూప్స్‌కి చదివే పిల్లలతో కుర్చీ దొరకదు. అయితే బయట టీ కొట్టు దగ్గర పావుగంట నిలబడు. ఆరేళ్లుగా నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాడు ఇంటి నుంచి ఫోనొస్తే ఎలా మాట్లాడతాడో అక్కడ తెలుస్తుంది.

సాయంత్రాలు సభలు తినేస్తాయి. సారస్వత పరిషత్తులో ఒకటి, రవీంద్రభారతిలో ఒకటి, ఆవిష్కరణలు, సంస్మరణలు. పిలిచినవాళ్లు మనవాళ్లే, కాదనడం కష్టం. నెలకి రెండే అని పెట్టుకున్నాను. వేదిక మీద కూర్చోవడం కంటే పది మంది కూడి ఒక కథ మీద గంటన్నర వాదించుకునే చోటు దొరికితే వదులుకోకు.

డబ్బు సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే నీ ప్రశ్న అసలు అక్కడే ఉంది. నా చివరి కథల పుస్తకం 176 పేజీలు, డెమ్మీ సైజు, పదకొండు ఫారాలు (ఒక ఫారం అంటే పదహారు పేజీలు), 500 కాపీలు. పేజీలు పెట్టడానికి పేజీకి 25 చొప్పున 4,400 రూపాయలు, ముఖచిత్రానికి 4,000, కాగితం, అచ్చు, బైండింగు కలిపి 46,000. మొత్తం 54,400. వెల 200 పెట్టాను. అమ్మిపెట్టేవాళ్ల కమిషన్ నలభై శాతం పోతే చేతికొచ్చేది 120. సమీక్షలకీ, గ్రంథాలయాలకీ, కథలో సాయపడినవాళ్లకీ 60 కాపీలు ఇచ్చాను. మిగిలిన 440 ఒక్కటి మిగలకుండా అమ్ముడైతే 52,800. అంటే అన్నీ అమ్ముడైనా 1,600 నష్టం. నిజానికి రెండేళ్లలో పోయినవి 285. ఇదివరకు రిజిస్టర్డ్ బుక్‌పోస్టులో చవగ్గా పంపుకునేవాళ్లం, 2024 డిసెంబరులో అది ఆగిపోయింది. ఇప్పుడు ఊళ్లలో ఉండే పాఠకుడికి ఒక్క కాపీ పంపాలంటే పోస్టు ఖర్చు వెలలో బాగా కనిపిస్తుంది. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన ఒక్కటే కమిషన్ బాధ తగ్గే చోటు, ఒక స్నేహితుడి స్టాల్లో మూల దొరికితే. పత్రికలిచ్చే పారితోషికం ఇంటి కరెంటు బిల్లుకి వస్తుంది. సంక్రాంతికీ, ఉగాదికీ కథల పోటీలుంటాయి. బహుమతి వస్తే మంచిదే, కానీ పోటీ కోసం కథ పుట్టించకు. రాసి ఉంచిన కథకి పోటీ సరిపోతే పంపు.

ఇది చదివి భయపడమని కాదు. నెలజీతం ఉంటే ఈ నష్టం నిన్నేమీ చేయదు. జీతం లేకపోతే పుస్తకం అమ్ముడవ్వాలన్న ఆరాటం రాసేటప్పుడే వచ్చి పక్కన కూర్చుంటుంది. ఆ తల్లి చేత మాట్లాడించమని అడిగేది అదే.

కాగితం పని కూడా నేర్చుకో, మనవాళ్లు దీన్ని పట్టించుకోరు. సొంతంగా వేసుకుంటే ఐఎస్‌బీఎన్‌కి, అంటే పుస్తకానికి వేసే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యకి, డబ్బు కట్టనక్కర్లేదు, రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెడితే ఉచితంగా ఇస్తారు. పుస్తకం వెలువడ్డ ముప్పై రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకీ ఒక్కో కాపీ పంపాలి. 1954 నాటి చట్టం అది. ఇక హక్కులు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ఒక్కసారి చదువు. సంతకం చేసిన కాగితం లేకుండా హక్కుల బదిలీ చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లకే అని అర్థం, ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. తీసుకున్నవాళ్లు ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకోని పక్షంలో, ఆ హక్కు పోతుంది. కథ అచ్చుకిచ్చేటప్పుడు ఆడియో, సినిమా, అనువాదం కూడా కలిపి రాసేశారేమో చూసి సంతకం పెట్టు. నేను చూడకుండా పెట్టిన సంతకం వల్ల ఒక కథ ఆడియోగా వచ్చినా నాకు పైసా రాలేదు, అడిగే దారీ లేకపోయింది.

ఇప్పుడు నీ నవల. సగంలో ఆగిందన్నావు, ఎక్కడ ఆగిందో చెప్పలేదు. ఆఫీసు పదింటికైతే ఐదున్నర నుంచి ఏడు దాకా నీది. కొండాపూర్‌లోనే ఉంటున్నావు కాబట్టి ప్రయాణం నిన్ను తినదు, ఇది పెద్ద వరం, మా రోజుల్లో సికింద్రాబాద్ బస్సులో నిలబడే గంటన్నర పోయేది. ఆ గంటన్నరలో మొదటి పదిహేను రోజులు కొత్తది ఒక్క వాక్యం కూడా రాయకు. ఉన్న సగాన్ని మొదటి పేజీ నుంచి పైకి చదువుతూ, తట్టుకున్న చోట గీత పెడుతూ పో. నవల ఆగిన చోట తప్పు ఉండదు చాలాసార్లు, నలభై పేజీల ముందు ఎక్కడో ఉంటుంది. అక్కడ ఏదో పాత్ర తన స్వభావానికి పొసగని పని చేసుంటుంది, కథకి అవసరమని నువ్వే చేయించి ఉంటావు. అది దొరికితే మిగతాది కదులుతుంది.

సీరియల్ వాళ్లకి మర్యాదగా, ఆరు నెలల తర్వాత మాట్లాడదామని చెప్పు. మంచి మాటల రచయిత కోసం వాళ్లు ఎప్పుడూ వెతుకుతూనే ఉంటారు, పిలుపు ఇంతటితో ఆగదు. అప్పుడు ఒప్పుకుంటే మూడు విషయాలు కాగితం మీద పెట్టించుకో: ఎపిసోడ్‌కి ఎంత, ఎన్ని రోజుల్లో ఇస్తారు, టైటిల్స్‌లో పేరు పడుతుందా లేదా. నా మొదటి రెండు నెలల డబ్బు అందడానికి ఏడు నెలలు పట్టింది.

చదవడం అయ్యాక ఆ గీతలు పెట్టిన నలభై పేజీలు నాకు పంపు. యూనికోడ్‌లో పంపు, ఫోటోలు తీసి పంపకు, కళ్లు పట్టడం లేదు. పొద్దున ఎనిమిది తర్వాత ఎప్పుడైనా చదువుతాను.